మూడో ఎండ

మొన్న మా మునిమనవరాలు నూడుల్స్‌లో వేసుకోవడానికి చైనావాళ్ల నల్ల వెనిగర్ సీసా తెచ్చింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఇది ఇంకా పసిది అన్నాను. నీకేం తెలుసన్నట్టు చూసింది. పులుపుకు వయసుంటుందని నేను మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను, మదనపల్లెలో, యుద్ధం రోజుల్లో.

అత్త మిషన్ ఆస్పత్రి నర్సమ్మకు వంట చేసేది. ఆ దొరసాని ఇరవై ఏళ్లు చైనాలో ఉండి, యుద్ధం నుంచి తప్పించుకుని మా ఊరొచ్చింది. తెలుగు అత్త దగ్గరే నేర్చుకుంది గనక యాసతో సహా వచ్చింది. ఏం పెట్టినా తినేది గానీ, అక్కడి పులుపు కోసం మొహం వాచి ఉండేది. అత్తకు పౌరుషం వచ్చింది. దొరసాని చెప్పినట్టే పుంగనూరు రాగులు మొలకెత్తించి, ఉడికించి, పులియబెట్టి, వడగట్టి జాడీకెత్తింది. మూతికి పలచని గుడ్డ కట్టి మూడు వేసవులు మిద్దె మీద ఎండనివ్వాలట. నీరు ఇగిరి, కరుకుతనం పోయి, అడుగున దాగిన తీపి పైకొస్తుందట. ఊరగాయ కూడా ఇంత సతాయించదని మా నాయనమ్మ సణిగేది. మొదటి ఏడు అది గొంతు కోసింది. రెండో ఏడు నాలుక మీద కాస్త నిలిచింది.

అంతలో యుద్ధం ముగిసింది. క్రిస్మస్ కాగానే స్వదేశం రమ్మని నర్సమ్మకు ఉత్తరం వచ్చింది. మూడో ఎండకు ఆమె ఉండదు. అత్తకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సగం వెనిగర్ కుండలో పోసి, పాలు కాగే దాలిలో, పిడకల సెగ మీద పెట్టి నెల రోజులు ఉంచింది. పాలను ఎర్రబరిచే దాలి పులుపును పండించలేదా అని ఆమె ధీమా.

నర్సమ్మ రెండూ చెంచాతో చప్పరించింది. "దాలి దాంట్లో పొగ ఉండాది, నలుపు ఉండాది, వయసు లేదు. ఎండదే మేలు. ఒక్క ఎండ తక్కువ, అంతే. అదే కట్టియ్యమ్మా" అంది.

"కానిదాన్ని ఎట్ల ఇచ్చేదమ్మా?" అంది అత్త. ఊరనిది గడప దాటించకూడదని మా ఇంట్లో పట్టింపు. నర్సమ్మ ఎంత బతిమాలినా అత్త కదల్లేదు. చివరికి ఆమె, దాలిలో పండిందేనని అత్త కట్టిచ్చిన పొగవాసన సీసాతోనే కుప్పంలో రైలెక్కింది. ఆ మొండితనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే, జాలి కూడా.

మరుసటి వేసవి దాటాక అత్త జాడీ దించింది. సగానికి సగం ఇగిరి చిక్కబడింది. నా అరచేతిలో ఒక చుక్క వేసి, "ఇదేనా మే, ఆయమ్మ సెప్పిన రుచి?" అని అడిగింది. ఆ రుచి ఎలా ఉండాలో నాకు తెలియదు, అత్తకూ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ సముద్రం దాటిపోయింది. "ఇదే అత్తా" అన్నాను. అత్త తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. కాలం ఎంతటి పులుపునైనా పండిస్తుంది గానీ, రుచి చూడవలసిన మనిషిని అందాకా కూర్చోబెట్టదు.