చెరువు గట్టున పరిచిన తువ్వాలు

ఉయ్యూరు బస్సుల్లో ముప్ఫై మూడేళ్లు టిక్కెట్లు కొట్టిన హనుమయ్య ఒక్క దీపావళికీ ఇంట్లో లేడు. పండగకే కండక్టర్లకు పని ఎక్కువ. భార్య రావమ్మ గుమ్మంలో రెండు చిచ్చుబుడ్లు వెలిగించి, అవి ఆరకముందే తలుపేసుకునేది. మొన్న ఆమె కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయన మాటిచ్చాడు: మంగళగిరి అవతల కొత్తగా తెరిచిన పార్కులో శనివారాలు రాత్రి ఏడింటికి చెరువు మీద బాణసంచా కాలుస్తున్నారట, అన్నిటికన్నా మంచి చోట కూర్చోబెట్టి చూపిస్తానని.

మంచి చోటంటే ఆషామాషీ కాదు. నాలుగింటికే వచ్చి, మోకాళ్ల నొప్పుల రావమ్మను గేటు దగ్గర బెంచీ మీద ఉంచి, చెరువు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెట్ల ముందు లైటు స్తంభం అడ్డం. అవతలి గట్టుకు ఎదురుగాలి, పొగంతా మొహానికే. చివరికి గాలి వీపుకు తగిలే చోటు చూసి, పచ్చిక మీద తువ్వాలు పరిచాడు.

కిటికీలోంచి సీటు మీదికి విసిరిన తువ్వాలుకు మా వైపు ఉన్న విలువ రిజిస్ట్రారాఫీసు కాగితానికి లేదు. అలాంటి తగాదాలు హనుమయ్య వందలు తీర్చాడు. ప్రతిసారీ తువ్వాలు పక్షమే. ఇక్కడా అదే చెల్లుతుందనుకున్నాడు.

ఎండ తగ్గాక రావమ్మను మెల్లగా నడిపించుకొచ్చేసరికి ఆరున్నర దాటింది. ఆ చోట ఒక కుటుంబం పులిహోర తింటోంది.

“ఇక్కడ నా తువ్వాలుండాలి.”

“మేమొచ్చేసరికి ఏం లేదు బాబాయిగారూ. ఊడ్చేవాళ్లు తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చుంటారు,” అన్నాడు ఇంటాయన. “అయినా తువ్వాలేసి చోటు ఆపడానికి ఇదేమన్నా అవనిగడ్డ బస్సా?”

“బస్సయితే ఈపాటికి నిన్ను దింపేసేవాణ్ణి.”

ఇంటావిడ చాప జరిపింది. “కూర్చోండి పిన్నిగారూ, సర్దుకుందాం.”

రావమ్మ కూర్చుంది. “మీరూ రండి. చోటుందిగా.”

“ఒకళ్ల దయ మీద నేను కూర్చోను. తువ్వాలు తెచ్చి చూపిస్తా, చోటెవరిదో తేలుద్ది.”

గేటు పక్క ఆఫీసులో స్టెల్లా అనే అమ్మాయి ఫారం ఇచ్చింది. “ఎక్కడ పోయిందో రాయండి సార్.”

“పోలేదమ్మా, పరిచాను.”

“పరిచినట్టు రాయడానికి ఇందులో గడి లేదండీ.”

ఆధార్ నంబరు దగ్గర ఉండగా మొదటి చప్పుడు వినిపించింది. వదిలేసి పరుగెత్తాల్సింది. కానీ చేతిలో పెన్ను, ఎదురుగా అరలో తన తువ్వాలు. చెరువు కనపడకుండా పెద్ద భవనం అడ్డం. దాని అంచున ఆకాశం ఎర్రబడుతోంది, ఆరుతోంది. సంతకం పెట్టి, తువ్వాలు తీసుకుని బయటపడేసరికి చప్పట్లు.

వెళ్లిపోయే జనానికి ఎదురీదుతూ గట్టుకు చేరాడు. రావమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

“బాగా కనపడిందా?”

“చప్పుడైనప్పుడల్లా తలెత్తానండీ. అప్పటికే ఆరిపోయేవి. మీరొస్తున్నారేమోనని ఆ దారి వంకే చూస్తున్నాను కదా.”

హనుమయ్య తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. “వచ్చే శనివారం మూడింటికే వద్దాం.”

“ఎందుకులెండి,” అంటూ ఆమె మోకాలి మీద చెయ్యేసి లేచింది.