బాబాయి ఆపద సంచి

నన్ను పెంచిన మా బాబాయికి ఒకటే పిచ్చి: ఆపద. అదెప్పుడొచ్చినా మనం సిద్ధంగా ఉండాలంటాడు. మనిషి దర్జీ కదా, దానికోసం స్వయంగా ఓ సంచి కుట్టాడు. ఇరవై నాలుగు జేబులు, ప్రతి జేబుకీ బొత్తం. టార్చి, తాడు, కట్టుగుడ్డ, బిస్కెట్లు, ఈల, అందరి కాగితాల నకళ్లు. నాకు చిన్నప్పటినుంచీ ఆయాసం, అందుకని పదిహేడో జేబులో నా ఇన్‌హేలర్ ఒకటి.

ఇక ఇంట్లో ఏం కనపడకపోయినా ఆ సంచిలోనే ఉండేది. అడిగితే ఇచ్చేవాడా?

"అగ్గిపెట్టె ఏదండీ?" అనేది పిన్ని.

"సంచిలో ఉంది."

"ఇలా ఇవ్వండి, పొయ్యి వెలిగించాలి."

"ఆపద వచ్చిందా?"

"మిమ్మల్ని కట్టుకున్నరోజే వచ్చింది. ఇవ్వండి!"

ఇచ్చేవాడు కాదు. పిన్ని సణుక్కుంటూ పక్కింటికెళ్లి తెచ్చుకునేది.

ఓసారి టీవీ రిమోట్‌లో బ్యాటరీలు మాయమయ్యాయి. "బాబాయ్, ఆట చివరి నిమిషాలు! మనవాళ్లు ఓడిపోతున్నారు!" అని కాళ్లావేళ్లా పడ్డాను.

"అది వాళ్ల ఆపద. వాళ్ల సంచి వాళ్లు చూసుకోవాలి."

ఆ కోపంతో బిస్కెట్ పొట్లం కాజేశాను. మర్నాటికి సంచి గొలుసుతో కుట్టుమిషను కాలికి కట్టేసి ఉంది, పైన తాళం.

"ఆపదొస్తే మిషను కూడా మోసుకెళ్తావా?"

"తాళంచెవి ఉందిగా, తింగరిదానా!"

ప్రతి ఆదివారం రిహార్సలు. ఈల ఊదితే రెండు నిమిషాల్లో అందరం వీధిలో ఉండాలి. "ముందు సంచి, తర్వాత మనం!" అని అరుస్తుండేవాడు. పిన్ని తలనిండా సబ్బు నురగతో మెట్లు దిగిన ఆదివారాలున్నాయి.

నాకు పదహారేళ్లప్పుడు ఓ మధ్యాహ్నం ఆపద నిజంగానే వచ్చింది. కింద పరుపుల కొట్టులో దూది అంటుకుని మా ఇంటినిండా పొగ కమ్మేసింది. నాకు ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని కూలబడ్డాను. ఇన్‌హేలరేమో నాలుగడుగుల దూరంలో, తాళం కింద. అడుగుదామంటే గొంతు పెగల్లేదు.

బాబాయి ఈల ఊదలేదు, తాళంచెవి వెతకలేదు. ఎవరో కుట్టడానికిచ్చిన చొక్కాగుడ్డ నీళ్లలో ముంచి నా మొహాన కప్పాడు. నన్ను ఎత్తుకుని రెండంతస్తులూ దిగిపోయాడు. వెనకాలే పిన్ని.

ఎదుటి అరుగు మీద కూర్చోబెట్టి, చొక్కా లోపల చెయ్యి పెట్టి ఇన్‌హేలర్ తీశాడు.

"పీల్చమ్మా. మెల్లిగా. నేనున్నాగా."

రెండుసార్లు పీల్చాక ప్రాణం లేచొచ్చింది.

పిన్ని నోరు వెళ్లబెట్టింది. "ఇది సంచిలో కదండీ ఉండాలి?"

"అందులో ఒకటుంది. ఇది నా దగ్గరుండేది" అంటూ చొక్కా లోపల కుట్టుకున్న చిన్న జేబు చూపించాడు. తన ప్రతి చొక్కాకీ అలాంటిదొకటి కుట్టుకుంటున్నాడట, పన్నెండేళ్లుగా!

"మరి నాతో ఒక్క ముక్కయినా చెప్పలేదేం?" అంది పిన్ని.

"నీకు చెబితే పిల్ల చెవిన పడదూ? తను రోగిష్టిదాన్నని అనుకోదూ?"

ఇవాళ నేను ఊపిరి పీలుస్తున్నానంటే ఆయన చలవే. అప్పుడా మాట చెప్పబోతుంటే పిన్ని అడ్డొచ్చింది. "అవునూ, సంచేదండీ?"

బాబాయి తన రెండు చేతులూ చూసుకున్నాడు, నన్ను చూశాడు.

"ఏ సంచి?"

నవ్వు ఆపుకోలేకపోయాను. అంతలా నవ్వితే మళ్లీ ఆయాసం వస్తుందని పిన్ని కసిరింది. వస్తే రానీ, బాబాయి పక్కనే ఉన్నాడు.