సజ్జ చేను మీద జపాను పాట

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, ఒక తల్లి దగ్గర ఆమె కొడుకు గొంతు దొంగిలించాను. భయపడి చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయం నిజమే. కానీ ఆ రోజు ఆడిన అబద్ధం మాత్రం నేను తెలిసి ఆడిందే. అది ముందే ఒప్పుకుని మిగతాది చెబుతాను.

రాజంపేట దగ్గర మా ఊరు. పక్కింటావిడను మా అమ్మ అక్కా అనేది, నేను వాళ్ల ఉర్దూలో ఖాలా, అంటే పెద్దమ్మా, అనేవాణ్ణి. నేను అన్నా అని పిలిచే ఆమె ఒక్కగానొక్క కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఖాలాకు చదువు రాదు. మా వైపు అలాంటి తల్లులకు క్యాసెట్టే ఉత్తరం. కొడుకులు తమ మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఆసారి అన్నకు ఖాళీ క్యాసెట్ దొరకలేదట. తాను కారు నడిపే జపాను ఇంజనీరు ఇచ్చిన పాటల క్యాసెట్ మీదనే రికార్డు చేశాడు. మొదటి పాట ఒక్కటి చెరపకుండా వదిలేశాడు. అది అయిపోయాకే "అమ్మీ" అని ఆయన గొంతు మొదలవుతుంది.

ఆ పాటంటే నాకు ప్రాణం పోయేంత భయం. మొదట పియానో జోలపాటలా మెల్లగా సాగుతుంది. కళ్లు మూతలు పడేవేళకు డ్రమ్ములు వడగండ్ల వానలా మీద పడతాయి. చివర్లో ఒక మగగొంతు ఊపిరి తెగిపోయేలా అరుస్తుంది. క్యాసెట్ డబ్బాలోని బొమ్మ అంతకంటే భయంకరం. సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖాలు, నల్లటి పెదవులు, నిక్కబొడుచుకున్న ఎర్రటి జుట్టు. ఐదుగురు. మగవాళ్లో ఆడవాళ్లో తెలియదు. నాటకాల్లో రాక్షస వేషాలు నేను చూడకపోలేదు. కానీ వాళ్లు తెల్లారేసరికి రంగు కడిగేసుకుని టీ తాగేవారు. వీళ్లు మాత్రం ఎప్పుడు డబ్బా తెరిచినా నన్నే చూస్తూ ఉండేవారు.

టేపురికార్డరు నడపడం ఖాలాకు రాదు. రోజూ బడి నుంచి రాగానే నన్నే పిలిచేది. నేను బటన్ నొక్కి చెవులు మూసుకునేవాణ్ణి.

"ఏమిరా అట్ల జడుసుకుంటాండావు? దయ్యాలు గాదురా, వాళ్లూ ఎవురో తల్లి కన్న బిడ్డలే," అని నవ్వేది.

ఆ ఏడు సజ్జ కంకి గింజ పట్టే వేళకు కువైట్ మీద యుద్ధం వచ్చిందని రేడియోలో చెప్పారు. ఉత్తరాలు ఆగిపోయాయి. అన్న ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. ఖాలా నవ్వడం మానేసింది. రోజుకు నాలుగైదు సార్లు క్యాసెట్ పెట్టమనేది. పాట దాటించి నేరుగా మాటల దగ్గరికి పోదామంటే ఒప్పుకునేది కాదు. వినీ వినీ నా బుర్రలో ఒక నమ్మకం పడిపోయింది. ప్రతిసారీ అన్న కంటే ముందు వాళ్లే వస్తున్నారు. అన్నను పట్టుకున్నది వాళ్లే. ఇట్లా పిలుస్తూ పోతే ఒకరోజు మా వీధిలోకీ వస్తారు.

ఖాలా నీళ్లకు పోయినప్పుడు క్యాసెట్ చొక్కాలో దాచి తెచ్చేశాను. మా తాత అప్పుడు చేనికి కట్టడానికి పాత టేపులు పోగుచేస్తున్నాడు. కట్టెలు పాతి వాటి మధ్య టేపు లాగి కడితే, గాలికి మెరుస్తూ గుయ్యిమంటుంది, పిట్టలు వాలవు. "పాడైపోయిందంట తాతా, ఖాలా పారేయమనింది," అన్నాను. తాత నమ్మి, అప్పుడే తీసుకుపోయి కట్టేశాడు. సాయంత్రం ఖాలా అడిగితే నాకు తెలియదన్నాను. ఆమె పరుపు దులిపింది. జొన్నల కుండలో మోచేతి దాకా చేయి పెట్టి వెతికింది. చివరికి ఖాళీ టేపురికార్డరు ముందు కూర్చుని, రోజూ నేను నొక్కే బటన్ తనే నొక్కి చూసింది.

మరునాడు ఆదివారం. పిట్టలు తోలమని తాత నన్ను మంచె మీద కూర్చోబెట్టి ఊళ్లోకి పోయాడు. మిట్టమధ్యాహ్నం గాలి లేచింది. చేను మీది టేపులన్నీ ఒక్కసారిగా మూలగడం మొదలుపెట్టాయి. మొదట సన్నగా. గాలి పెరిగేకొద్దీ అది అచ్చం ఆ అరుపే అయింది. చుట్టూ మనిషి లేడు. మంచె దిగి గడ్డిమోపు వెనక ముడుచుకున్నాను. కళ్లు మూసినా తెల్లటి ముఖాలే. నిక్కరు తడిసిపోయింది.

పక్క గట్టున మేకలకు గడ్డి కోస్తున్న ఖాలా నా ఏడుపు విని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందిరా? పాము గాని కరిచిందా?"

"వాళ్లు వచ్చినారు ఖాలా... క్యాసెట్ నేనే తీసినా. తాతకు అబద్ధం చెప్పి ఈడ కట్టించినా."

ఆమె తల ఎత్తి చేను వైపు చూసింది. ఆ చూపుకు నాకు పాట కంటే ఎక్కువ భయం వేసింది. కొడుతుందనుకున్నాను. ఆమె వణుకుతున్న టేపు దగ్గరికి పోయి దాని మీద వేలు పెట్టింది. మూలుగు ఆగింది. వేలు తీసింది. మళ్లీ మొదలైంది. తర్వాత నా వేలు పట్టుకుని పెట్టించింది.

"చూసినావా? గాలి. అంతే."

ముడి విప్పుతూ అంది, "మెల్లగా చుట్టు నాయనా, తెంపాకు. మావాడు ఇందులోనే ఉండాడు."

ఇంకో ముడి విప్పుతూ చెప్పింది. "ఆ అరుపు మొదటిసారి ఇన్నప్పుడు నేనూ బెదిరినా. వాణ్ణి కన్న రోజు నేనూ ఇట్లనే అరిచినా గదా అనుకున్నా. నా అరుపు అయినాకనే వాడి గొంతు ఇనపడింది. ఈ టేపులోనూ అంతే గదరా. అందుకే దాటించొద్దనేది."

తాత వచ్చి అడిగితే, తానే పొరపాటున పారేయమన్నానని చెప్పింది. నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. అది నా రెండో తప్పు.

మూడు సాయంత్రాలు కూర్చుని పెన్సిలుతో టేపును మళ్లీ ఖాళీ క్యాసెట్‌లోకి చుట్టాం, తెగినచోట్ల అతికించాం. పాట కుంటుతూ వచ్చింది. అరుపు రెండు ముక్కలైంది. తర్వాత "అమ్మీ" వినపడింది. మధ్యలో నాలుగు మాటలు మాత్రం పోయాయి. రెండు నెలలకు అన్న ఒక్క సంచితో, చిక్కి శల్యమై ఇల్లు చేరాడు. ఆ రోజు తాత ముందరే నిజం చెప్పాను. పోయిన మాటలు మళ్లీ చెప్పమని ఏడ్చాను. "ఏం చెప్పినానో నాకే గుర్తులేదురా," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కిందటేడు అన్న చనిపోయాడు. నేనిప్పుడు కర్నూలులో ఉంటున్నాను. ఆ కాలంలో జపానులో అట్లా ముఖాలకు రంగులేసుకుని పాడిన బృందాలు ఎన్నో ఉండేవని, ఆ పాటలు విని అక్కడ నా వయసువాళ్లు ఇప్పటికీ కన్నీళ్లు పెట్టుకుంటారని మా అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది. ఖాలా దగ్గర క్యాసెట్ అడిగి తెచ్చుకుని, పాత టేపులు ఫోనులోకి ఎక్కించే కొట్టుకు తీసుకుపోయాను.

"ముందర ఈ గోలంతా కట్ చేస్తానన్నా, నీటుగా వస్తాది," అన్నాడు కొట్టతను.

"వద్దప్పా. అది ఉండాల," అన్నాను.

ఆ ఆదివారమే బస్సెక్కి ఊరికి పోయాను. ఖాలాకు చెవి సరిగా వినపడటం లేదు. ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుని, చెవులు మూసుకోకుండా, పాట మొత్తం విన్నాను. పియానో ఆమెకు అందలేదు. అరుపు అందింది. వెంటనే తల మీది కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"గమ్మునుండు," అంది. "మావాడు మాట్లాడతాడు."