మూడు కంప్యూటర్లకు ఒకే గణితం

జాతకాలు గుణించడం నాకు ఎవరూ నేర్పలేదు. తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్లో కూర్చునే రోజుల్లో, పంచాంగం వెనక పేజీల్లోని పట్టికలు చూసి, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నాను. శాస్త్రం మీద భక్తి కన్నా, అంకెలు కుదిరినప్పుడు మనసుకు కలిగే నెమ్మది కోసం ఆ పని చేశాను. తర్వాత అదే బతుకుదెరువైంది. ఇప్పుడు లెక్కంతా కంప్యూటరే కడుతుంది. నా పని ఆ కంప్యూటర్లను కాచుకోవడం.

అవి మూడు. తిరుపతి బస్టాండు దగ్గరి అంగట్లో ఒకటి, చంద్రగిరిలో ఇంట్లో ఒకటి, చిత్తూరులో మా బామ్మర్ది నడిపే అంగట్లో ఒకటి. మూడింట్లోనూ ఒకే జాతకాల సాఫ్ట్‌వేరు. పేరుకు ఒకటే గానీ మూడూ మూడు రకాలుగా ఉండేవి. ఒకదాంట్లో సూర్యోదయం తిరుపతికి ఉంటే, ఇంకొకదాంట్లో ఎవరూ మార్చక వదిలేసిన ఢిల్లీకి. ఒకచోట తెలుగు చక్కగా పడుతుంది, ఇంకోచోట ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. ఇంట్లో మొదలుపెట్టిన జాతకాన్ని అంగట్లో ప్రింటు తీస్తే, రాశిచక్రం సగమే కాగితం మీద పడేది.

అప్‌డేటు వచ్చినప్పుడల్లా అంతా మొదటికి వచ్చేది. చిత్తూరు బస్సెక్కి పోయి, అవే గడుల్లో అవే టిక్కులు పెట్టి తిరిగి వచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగా బామ్మర్ది ఫోను చేసేవాడు, ప్రింటరు మళ్లీ పెద్ద కాగితం అడుగుతోందని. వయసు యాభై దగ్గర పడుతోంది. బస్సులో నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోవడం మామూలైపోయింది.

ఆఖరికి ఒక దారి కనిపించింది. సెట్టింగులన్నీ ఒక ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును ఇంటర్నెట్‌లోని ఒక ఫోల్డరులో పెట్టి, మూడు కంప్యూటర్లూ దాన్నే చదువుకునేలా చేస్తే, ఒకచోట మార్చింది మూడుచోట్లా మారుతుంది. చేసేముందు మూడింటి సెట్టింగులూ వరుసగా సరిచూశాను. చిత్తూరుదాంట్లో ఒక తేడా ఉంది. గణితం అన్నచోట మిగతా రెండింట్లో దృక్కు అని ఉంటే, అక్కడ వాక్యం అని ఉంది.

దృక్కు అంటే గ్రహం ఆకాశంలో నిజంగా ఎక్కడ కనిపిస్తుందో దానికి సరిపెట్టి కట్టే లెక్క. వాక్యం అంటే పాతకాలపు సూత్రాలను ఉన్నవి ఉన్నట్టు వాడి కట్టేది. చంద్రుడి దగ్గర రెండింటికీ కొంచెం తేడా వస్తుంది. చాలామందికి ఆ తేడాతో పనిలేదు. ఒక నక్షత్రం ముగిసి ఇంకొకటి మొదలయ్యే వేళ పుట్టినవాళ్లకు మాత్రం నక్షత్రమే మారిపోతుంది. బామ్మర్ది ఎప్పుడో పొరపాటున నొక్కి ఉంటాడనుకున్నాను. మౌసు చేతిలో ఉంటే అతనికి వేలు కుదురుగా ఉండదు. అందుకని అడగలేదు. దృక్కు పెట్టి మూడూ ఒకటి చేశాను. కొన్నాళ్లు బస్సు ఎక్కే పని తప్పింది.

ఒక పొద్దున అంగడి తెరవడానికి వెళ్లేసరికి మెట్ల మీద తల్లీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. తల్లి చిత్తూరు అవతల, తమిళనాడు అంచున ఉన్న పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చింది. కూతురు ముప్పై దాటిన మనిషి. తిరుపతిలోనే ఒక ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, గోడకు తల ఆనించుకుని ఉంది. ఆమెకు ఒక సంబంధం దాదాపు కుదిరింది. చేతిరాత జాతకం చెరిగిపోతోంది, కంప్యూటర్లో వేయించి పంపమని అబ్బాయివాళ్లు అడిగితే, తల్లి మా చిత్తూరు అంగట్లో వేయించింది. పాత కాగితంలో పుష్యమి నక్షత్రం. మా కాగితంలో ఆశ్లేష, మొదటి పాదం. ఆశ్లేషలో పుట్టిన కోడలు అత్తకు కీడని మా వైపు నమ్మకం. అబ్బాయి తల్లి ఆ కాగితాన్ని మడిచి వెనక్కి పంపించింది. పెండ్లి అక్కడ ఆగింది. కాగితం అడుగున తిరుపతి అంగడి చిరునామా కూడా ఉంటే, అది చూసుకుని నా దగ్గరికి వచ్చారు.

పుట్టిన వేళ మళ్లీ కొట్టి చూశాను. ఆశ్లేషే. లెక్కలో తప్పు లేదు. అప్పుడు చిత్తూరు సెట్టింగు గుర్తొచ్చి బామ్మర్దికి ఫోను చేశాను.

“మూడూ ఒకటి చేసింది నువ్వే కదా బావా,” అన్నాడు. “ఈడికి వచ్చేవాళ్లు సగంమంది అరవ పక్కోళ్లు. వాళ్ల ఇండ్లల్లో తాతల కాడ్నించి వాక్యమే. నేను ఊరికే పెట్టుకున్నానా దాన్ని?”

“నేను మార్చినప్పుడు చెప్పొచ్చు కదప్పా.”

“నువ్వు అడిగినావా? లెక్కల్లో నీకు మేము చెప్పేదా?”

ఫోను పెట్టేసి గణితాన్ని వాక్యానికి మార్చాను. పుష్యమి, నాలుగో పాదం వచ్చింది. పాత కాగితంలో ఉన్నదీ అదే. తల్లికి రెండు లెక్కల సంగతి నాకు చేతనైనంత నిదానంగా చెప్పాను. ఆమె తెర వైపు చూడలేదు.

“పాప పుట్టినప్పటినుంచి ఏ గుడికి పోయినా పుష్యమి అని చెప్పే అర్చన చేయిస్తా ఉండాను నాయనా,” అంది. “అది తప్పయితే అంతా ఎవురికి పోయినట్టు?”

కూతురు కళ్లు తెరవకుండానే, “అమ్మా, కాగితం అడుగు. దేవుడి సంగతి ఆయన్నెందుకు అడిగేది,” అంది.

“నువ్వుండు పాపా.”

ఇలాంటి ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. ముహూర్తం అడుగుతారు, దోషం ఉందా అని అడుగుతారు, ఉంటే ఏం చేయాలో అడుగుతారు. వాటికి పట్టికలున్నాయి. మీ ఇంటి లెక్కలో పాపది ఎప్పుడూ పుష్యమేనని, దాన్ని మార్చింది నేనని చెప్పాను.

“మరి నీ లెక్కలో?”

అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. “ఆశ్లేషే అమ్మా,” అన్నాను.

ఆమె చీర కొంగు సర్దుకుంటూ లేచింది.

“నీ లెక్క నీ కాడే పెట్టుకో నాయనా. మాది మాకియ్యి.”

ప్రింటు తీసి, అడుగున వాక్య గణితం అని పెన్నుతో రాసి సంతకం పెట్టాను. కూతురు అబ్బాయి తల్లికి ఫోను కలిపి నా చేతికిచ్చింది. చెప్పిందే మళ్లీ చెప్పాను. తన కొడుకు జాతకం ఏ లెక్కదో చూడమని ఆమె ఫొటో పంపించింది. అదీ వాక్యమే. అలాగైతే ఇంట్లో మాట్లాడుకుంటామంది. తల్లి కాగితాన్ని సంచిలో అడుగున పెట్టుకుని, గోవిందరాజస్వామి గుడికి ఆటో ఎక్కడ దొరుకుతుందని అడిగింది. కూతురు ఆవులిస్తూ వెనకే నడిచింది.

సెట్టింగుల ఫైలు పంచుకుంటే మొత్తం పంచుకోవాలి, లేకపోతే లేదు. గణితం ఒక్కటీ వదిలి మిగతావి కలిపే వీలు ఎంత వెతికినా దొరకలేదు. సాఫ్ట్‌వేరువాళ్లను అడిగితే, అన్ని కంప్యూటర్లలో ఒకే గణితం ఉంచుకోవడమే మంచిదని జవాబు వచ్చింది. మూడింటినీ విడదీశాను. చిత్తూరుకు వాక్యం తిరిగి వచ్చింది. దానితోపాటు ఢిల్లీ సూర్యోదయమూ, విడిపోయే ఒత్తులూ, సగం రాశిచక్రమూ అన్నీ తిరిగి వచ్చాయి. బస్సు ప్రయాణమూ వచ్చింది.

ఆ మధ్య అప్‌డేటు పడితే మళ్లీ చిత్తూరు పోయాను. ఆ తల్లీకూతుళ్లు, అబ్బాయివాళ్లు కలిసి వచ్చి ముహూర్తం పెట్టించుకుపోయినారని బామ్మర్ది చెప్పాడు. నేను కాగితం సైజు సరిచేసి, సూర్యోదయం చిత్తూరుకు పెట్టి, గణితం దగ్గరికి వచ్చేసరికి అతను నా భుజం మీదుగా తొంగిచూశాడు.

“దాని జోలికి పోవద్దు బావా,” అన్నాడు.

అప్‌డేటు దాన్నీ దృక్కుకు మార్చి పెట్టింది. వాక్యం మీద టిక్కు పెట్టి, అతను చూసేదాకా ఆగి, సేవ్ నొక్కాను.