రెండు నిమిషాల ముందు గంట

ఆ బడిలో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. పద్దెనిమిదేళ్ళుగా గంట కొడుతోంది కాబట్టి పిల్లలకీ, టీచర్లకీ గంటక్కే. కట్టుకున్నవాడు కూడా ఒకసారి సరదాకి అలాగే పిలిచి చీవాట్లు తిన్నాడు. గంట కొట్టడం ఒక్కటేనా? గదులు ఊడ్వడం, చీమిడి ముక్కులు తుడవడం, ఊడిన గుండీలు కుట్టడం, ఏ ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడితే జుట్లు పట్టుకుంటారో గుర్తుపెట్టుకోవడం, అన్నీ ఆమె పనులే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

అలాంటి మనిషి ఒక్క సంగతిని నాలుగు నెలలు కడుపులో దాచుకుంది.

నాలుగు నెలల కిందట, ఇంటర్వెల్ వేళ, ఒకడు తుపాకీతో గేటు దాటి వచ్చాడు. ఆవరణలో ఆడుకుంటున్న పదకొండు మంది పిల్లలు, వాళ్ళకి అడ్డం వెళ్ళిన ఒక టీచరమ్మ చనిపోయారు. వాడి గురించి పత్రికలు కావలసినంత రాశాయి. వాడికి ఇక్కడ ఇంతకు మించి చోటు దండగ.

తర్వాత ఫైళ్ళు పట్టుకుని చాలామంది వచ్చారు, తలలూపి వెళ్ళారు. నిలిచింది కౌన్సెలింగ్ చేసే ఆవిడ ఒక్కతే. ప్రతి గురువారం సాయంత్రం డ్రాయింగు గదిలో ఆ కుటుంబాల వాళ్ళని కూర్చోబెట్టేది. కుర్చీలు వేయడం, టీ పోయడం గంటక్క వంతు. మొదట్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఒక గురువారం గంటక్క టీ పోస్తూ, తన ధోరణిలో తను, "మీవాడు ఎక్కాలు అప్పజెప్పమంటే కడుపునొప్పని నా దగ్గరికి వచ్చేసేవాడండీ. క్లాసు అయిపోగానే నొప్పీ పోయేది" అంది ఒక తండ్రితో. ఆయన నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, ఇంకా చెప్పమన్నాడు. అప్పట్నుంచి అందరూ అరగంట ముందే రావడం మొదలుపెట్టారు. పిల్లలు ఇంట్లో ఎలా ఉండేవారో వాళ్ళకి తెలుసు. బళ్ళో ఎలా ఉండేవారో గంటక్కకి తెలుసు. ఇంత చదువు చదివిన తనని వదిలి వీళ్ళు గంట కొట్టే ఆమె చుట్టూ చేరారేమిటని కౌన్సెలింగ్ ఆవిడ కుళ్ళుకోలేదు. మంచి మనిషి.

గంటక్కకి మాత్రం ఆ అరగంట ముళ్ళ మీద ఉన్నట్టుండేది. ఆ రోజు ఇంటర్వెల్ గంట పదిన్నరకి కొట్టాలి. మూడు రోజుల ముసురు విడిచి ఎండ కాసింది. పిల్లలు కిటికీల్లోంచి సైగలు చేస్తూ బతిమాలారు. ఆమె మనసు కరిగి రెండు నిమిషాలు ముందే కొట్టేసింది. సరిగ్గా పదిన్నర అవుతుండగా వాడు గేటు దాటాడు. పోలీసులకి పదిన్నరనే చెప్పింది. ఆ వేళ గడియారం చూసింది ఆమె ఒక్కతే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చివరికి కౌన్సెలింగ్ ఆవిడ దగ్గర బయటపడింది.

"తప్పు వాడిది. మీది కాదమ్మా" అంది ఆవిడ.

"ఆ మాట వాళ్ళు అనాలండీ. చెబితే ఇక నా మొహం చూడరేమో. చెప్పకుండా వాళ్ళకి టీ పొయ్యలేకపోతున్నాను."

ఆ గురువారం అందరికంటే ముందు వచ్చింది ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ. రెండో తరగతి పాప తల్లి. గదిలో ఇంకెవరూ లేరు. గంటక్క టీ కెటిల్ కింద పెట్టింది.

"ఆ రోజు గంట రెండు నిమిషాలు ముందు కొట్టానమ్మా. వేళకి కొట్టుంటే నీ కూతురు లోపలే ఉండేది."

ఆ తల్లి చేతిరుమాలు అంచులు కలిపి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"ఆ రెండు నిమిషాలు బయట ఏం చేసింది?" అని అడిగింది.

"బూట్లు విప్పేసి నీళ్ళగుంటలో గెంతింది. సాక్సులు తడుస్తాయే అని కేకలేశాను. విననట్టు నటించి ఇంకో నాలుగు గెంతులు వేసింది."

"నవ్విందా?"

"పడీ పడీ నవ్వింది తల్లీ."

ఆమె లేచింది. వెళ్ళిపోతుందనుకుంది గంటక్క. తలుపు దగ్గరికి వేసి, వెనక్కి వచ్చి కూర్చుంది.

"నిన్ను ఏమనాలో నాకు తెలీడం లేదక్కా. రేపు వచ్చి తిడతానేమో కూడా. ఇన్నాళ్ళూ ఎవర్ని అడిగినా ఆ తర్వాత జరిగిందే చెప్పారు. గంట కొట్టిన దగ్గర్నుంచి చెప్పు. నెమ్మదిగా చెప్పు."