కట్ట మీద అత్త

నా పెండ్లయిన ఏడాదే గుట్ట మీది నుంచి వంక పొంగి మా మగ్గాల వీధిలోకి వచ్చింది. మగ్గం గుంతలన్నీ నిండిపోయి, సగం నేసిన పట్టుచీరలు బురదపాలైనాయి. మళ్లీ అట్లా కాకూడదని సర్కారోళ్లు మా ఇండ్ల వెనకాల పెద్ద గుంత తవ్వించి, చుట్టూ మట్టికట్ట వేయించినారు.

ఆ కట్ట మా పెరటి వాకిలిని మూసేసింది. ఆ వాకిలి గుండానే వీధి ఆడోళ్లతో కలిసి కట్టెలకు పోయేదాన్ని. ఆ కాసేపే నాకు ఊపిరాడేది. ఇంక మిగిలింది వీధి వాకిలి. ఆడ మా అత్త రాట్నం ముందేసుకుని కండెలు చుడతా కూర్చునేది.

"యాడికి?"

"కట్టెలకత్తా."

"మీ మామ బండి మీద తెప్పిస్తాడులే. పోయి తెగిన పోగులు అతుకు."

మళ్లీ మగ్గం గుంతలో దిగేదాన్ని.

తర్వాత వరసగా కరువులొచ్చినాయి. చెరువులు ఎండినా, ఊరి మురుగుకాలువలన్నీ చేరే ఆ గుంతలో మాత్రం నీళ్లు నిలిచినాయి. తుమ్మచెట్లు లేచినాయి, జమ్ము పెరిగింది. నేసేది ఆపితే చాలు, గోడ అవతల పక్షుల అరుపులు. వినడమే గానీ చూసింది లేదు.

ఒక మధ్యాహ్నం మామ, మా ఆయన చీరలు తీసుకుని అంగడికి పోయినారు. వాకిట్లో రాట్నం ఉంది, అత్త లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బయటికి పోవచ్చు. కాళ్లు రాలేదు. అత్తకేమయిందోనని పెరట్లోకి ఉరికినా. గోడకు నిచ్చెన వేసి ఉంది. ఎక్కి చూస్తే, కట్ట మీద తుమ్మచెట్టు కింద అత్త.

"సప్పుడు చేయొద్దు, పిల్లలుండాయి" అనింది. జమ్ము పక్కన నీటికోడి, దాని వెంట నల్లటి పిల్లలు ఈదుతాండాయి.

"ఎప్పటినుంచి వస్తాండావత్తా?"

"మీ మామ లేనప్పుడల్లా."

"మరి నన్నెందుకు కట్టేసినావు?"

అత్త నా వైపు చూడలేదు. "నిన్ను కాయమని మీ మామే నాకు చెప్పినాడు. నన్ను మా అత్త కాసింది."

ఇంతలో కింద మామ గొంతు. "ఎవరూ లేరా ఇంట్లో?"

గబగబా దిగినాం. "కట్ట మీద పిడకలు ఎండేసొచ్చినాం" అని అత్తే చెప్పింది.

అప్పటినుంచి మామ బయటికి పోతే ఇద్దరం నిచ్చెన ఎక్కేవాళ్లం. వీధి వాకిలి మాత్రం నాకు తెరుచుకోలేదు. మామ కాలం చేసినాక కూడా అత్త ఆడే కూర్చునేది.

"ఇంకెవరికి భయం? కట్టెలకు పోదాం రా" అన్నా ఒకనాడు.

"నువ్వు పోయి, పొద్దు గూకేలోపల రా" అనింది అత్త, రాట్నం తిప్పుతానే.