ఖయ్యూం భాయ్‌కి సెట్ కాని గడియారం

ఖయ్యూం భాయ్‌కి ఇంగ్లీషుల ఒక్కటే మాట వచ్చు. సెట్. గా ఒక్క మాటతోనే జిందగీ అంత ఎల్లదీసిండు.

నయాపూల్ కాడ నా మసాలాల దుకాణం పక్కనే ఆయన గడియారాల దుకాణం. పని నేర్పిన ఇంగ్లీషు దొర గడియారం ముల్లు తిప్పుకుంట ఎన్నడో 'సెట్' అన్నడట. ఇగ ఈయన దాన్ని ఇడిస్తె ఒట్టు. గడియారం నడిస్తె సెట్. చాయ్ కప్పులు ఆరుంటె సెట్. నా పెండ్లాం ఆగమ్మ తోడేసిన పెరుగు గడ్డకడ్తె సెట్. కట్టుడు పండ్లు సెట్. పెండ్లి కుదిరితె సెట్, ఆ మొగుడు పెండ్లాల లొల్లి సల్లారితె గూడ సెట్టే!

ఒకసారి వానకు మా గల్లీల ఉండే బీరయ్య ఇంటికప్పు కూలితె ఇద్దరం చూడబోయినం.

"ఫికర్ జేయకు బీరయ్యా, సెట్ అయితది."

"ఏం సెట్టు భాయ్! కప్పు వాకిట్ల ఉన్నది, మేము మొగులు కింద ఉన్నం!"

ఖయ్యూం భాయ్ షేర్వాణీ విప్పి పక్కకు పెట్టి పెంకులు ఎత్తుడు షురూ జేసిండు. నన్ను గూడ ఎత్తమన్నడు. సాయంత్రానికి కప్పు సెట్ అయింది. నా నడుము మాత్రం కాలే.

అప్పట్ల గోడ గడియారాలకు వారానికోసారి చావి ఇయ్యాలె. బేస్తవారం వచ్చిందంటె ఖయ్యూం భాయ్ ఇల్లిల్లు తిరిగి చావి ఇస్తుండె. ఉప్పుగూడల వైకుంఠం ఇంటికి గూడ పోతుండె. వైకుంఠం దఫ్తర్ల గుమాస్తా. ఆయన బిడ్డ విమల మెట్రిక్ చదువుతుండె, మంచి తెలివైన పిల్ల. కని ఆ ఇంట్ల వైకుంఠం తల్లి మాణిక్యమ్మ మాటకు తిరుగులేదు. కండ్లు ఆనకున్నా పెత్తనం ఆమెదే. చుట్టాలందరి ముంగట చెప్పేసింది: "గడియారం ఆరు గొట్టేసరికి పిల్ల గడప లోపలుండాలె. ఒక్కదినం తప్పినా చదువు బంద్!"

బడి ఇడిసినంక విమల ఎక్కే రైలు ఉప్పుగూడకు ఆరు దాటినంకనే వస్తుండె. ఇగ ఆ పిల్ల చదువు అయిపోయిందనే అనుకున్నం. కని ఎట్లనో ఏమో, నడుస్తనే ఉన్నది.

వైకుంఠం మాత్రం వారం వారం దుకాణం మీదికొచ్చి లొల్లి.

"నీ పని పాడుగాను! నా గడియారం అరగంట ఎనుక నడుస్తున్నది. దాన్ని నమ్ముకొని దఫ్తర్ల తిట్లు తింటున్న!"

"సెట్ జేస్త భాయ్."

మళ్ల వారం గదే కథ. బజారంత నవ్వింది. గిరాకులు తగ్గిన్రు. నాకు మస్తు కోపమొచ్చి అడిగిన.

"గంత పనిమంతునివి, గా ఒక్క గడియారం ఎందుకు కాదయ్యా?"

"సెట్టే ఉన్నది బాలకిషన్ భాయ్."

ఏం సెట్టో, నా తలకాయ!

విమల మెట్రిక్ పాసైంది. లడ్డూలు పట్టుకొని ఇద్దరం పోయినం. ఖయ్యూం భాయ్ సీదా పోయి స్టూలు ఎక్కి గడియారం పెద్దముల్లును అరగంట ముంగటికి తిప్పిండు. అప్పుడు గని నా బుర్రకు ఎక్కలే.

మంచం మీదికెల్లి మాణిక్యమ్మ అడిగింది: "ఏం జేస్తున్నవ్ ఖయ్యూం?"

"సెట్ జేస్తున్న అమ్మా."

"మరి ఇన్నొద్దులు ఎవరి కోసం చెడగొట్టినవ్?"

ఖయ్యూం భాయ్ ముల్లు మీదికెల్లి చెయ్యి తీసిండు.

"కండ్లు పోయినయ్ గని చెవులు పోలే బిడ్డా. పోలీసు ఠాణాల ఆరు గంటలు గొట్టినంక అరగంటకు మా ఇంట్ల ఆరు గొడ్తుండె. నాకు ఎరుక లేదనుకున్నవా?"

"మరి ఎందుకు ఊకున్నవ్ నాయనమ్మా?" విమల నోరు తెరిచింది.

"అందరి ముంగట మాటంటి. ఎట్ల ఎనకకు తీసుకుందు? ఖయ్యూమే నా మాట గూడ నిలబెట్టిండు."

"మరి నేను తిన్న తిట్లో?" అన్నడు వైకుంఠం. ఎవ్వరు ఇనిపించుకోలే.

ఖయ్యూం భాయ్ కిందికి దిగిండు. పెదవులు కదిలినయ్ గని ఆ ఒక్క మాట గూడ బయటికి రాలే. మాణిక్యమ్మ తడుముకుంట ఆయన చెయ్యి దొరకబట్టుకొని, అండ్ల లడ్డు పెట్టి అన్నది:

"తిను బిడ్డా. సెట్."